తమ్ముడు నడిచాక ఆగిపోయిన థెరపీ: పాలమూరులో ఒక కుటుంబం కేస్ స్టడీ

2023 జూన్‌లో బడులు తెరిచిన వారం ఈ కేసు మా దగ్గరికి వచ్చింది. పంపింది మహబూబ్‌నగర్ జిల్లా కోయిల్‌కొండ వైపు ఒక భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, పనిచేసే రిసోర్స్ టీచర్. కాగితం మీద రాసింది తక్కువే: నాలుగేళ్ల పాప, సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని పరిస్థితి), సంక్రాంతి తర్వాత నుంచి థెరపీకి రావడం లేదు, తల్లి సహకరించడం లేదు.

అంతకుముందు రెండేళ్ల రిజిస్టర్ తిరగేస్తే అదే తల్లి దాదాపు ప్రతి వారం పాపను చంకనెత్తుకుని బస్సెక్కి వచ్చినట్టు ఉంది. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఎందుకు మానేసింది? పాప ఆరోగ్యంలో కొత్త మార్పేమీ లేదు. అందుకే ఫిజియోథెరపిస్టు కంటే ముందు రిహాబిలిటేషన్ సైకాలజిస్టుగా నేను ఆ ఇంటికి వెళ్లాను. ఊరు పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు, గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. రాసుకోవడానికి తల్లి ఒప్పుకుంది.

పాప పరిస్థితి

2019 వేసవిలో నెలలు నిండాకే పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. నవజాత శిశువుల యూనిట్‌లో ఉంచారు. ఇంటివాళ్లు ‘డబ్బాల పెట్టిండ్రు’ అంటారు. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. పుట్టే సమయంలో మెదడుకు ఆక్సిజన్ సరిగా అందలేదని డిశ్చార్జి కాగితంలో ఉంది, తర్వాత తీసిన ఎంఆర్‌ఐ కూడా దానికి సరిపోతోంది. కాళ్లు బాగా బిగుసుకుపోయి ఉంటాయి, చేతులు కొంత నయం. ఎవరైనా పట్టుకుంటే కూర్చుంటుంది, తనంతట తాను కూర్చోలేదు. పెద్ద కదలికలను ఒకటి నుంచి ఐదు స్థాయిలుగా చూసే జీఎంఎఫ్‌సీఎస్ అనే వర్గీకరణలో నాలుగో స్థాయి. ఒకటి తేలికది, ఐదు తీవ్రమైనది. ఫిట్స్‌కు సిరప్ నడుస్తోంది.

మాటలు రాలేదు గానీ మనుషులను బాగా గుర్తుపడుతుంది. ఫోన్‌లో తండ్రి గొంతు వినిపిస్తే తల అటు తిప్పుతుంది. నచ్చని ముద్ద పెడితే పెదాలు బిగిస్తుంది, నవ్వొస్తే ఒళ్లంతా బిగిసి మరీ నవ్వుతుంది.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది. 2022 ఆగస్టులో కొత్త ఆసరా పింఛన్లు ఇచ్చినప్పుడు పాపకూ వచ్చింది. అప్పుడు నెలకు 3,016 రూపాయలు, 2023 జూలై నుంచి 4,016.

ఇల్లు

తల్లికి 24 ఏళ్లు, పదో తరగతి పాసైంది. భర్త ఆమెకు సొంత మేనబావ. అంటే అత్తగారు ఆమె తండ్రికి తోడబుట్టిన చెల్లెలు. చిక్కులో సగం ఈ బంధుత్వం చుట్టే ఉంది. భర్త పుణెలో సెంట్రింగ్ పని చేస్తాడు. ఊళ్లో కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని పోతాడు, పీర్ల పండుగకు, కురుమూర్తి జాతరకు, ఉగాదికి ఇంటికొస్తాడు. పాలమూరు పల్లెల్లో ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగైదు ఉంటాయి. మామకు రెండెకరాల పత్తి చేను, పగలంతా అక్కడే. పాపకు ఏడాదిన్నర తమ్ముడు ఉన్నాడు. గోడకు అవతల పెద్ద బావ, యారాలు (తోడికోడలు), వాళ్ల పిల్లలు.

పాప పనంతా తల్లిదే. ఒక్క తినిపించడమే చూద్దాం. పాపను ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టుకుని, తల మోచేతి మీద వెనక్కి వాల్చి, పప్పుతో మెత్తగా పిసికిన అన్నం కొంచెం కొంచెంగా నోట్లో పెడుతుంది. పాప నాలుకతో సగం బయటికి నెట్టేస్తుంది. పొరపోతుంది, దగ్గుతుంది. ఆగాలి, తుడవాలి, మళ్లీ పెట్టాలి. ఒక్క పూటకు గంట పైనే. రోజుకు మూడు పూటలు. ఆ గంటలో బాబు వచ్చి కొంగు పట్టుకుని ఏడుస్తుంటాడు. తల వెనక్కి వాల్చి తినిపిస్తే మెతుకులు ఊపిరితిత్తుల వైపు పోయే ప్రమాదం ఉంటుంది. చలికాలంలో ఆయాసమొచ్చి రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చింది కూడా అందుకే కావచ్చని ఫిజియోథెరపిస్టు అనుమానం.

ఎందుకు మానేసింది

మొదట అడిగినప్పుడు తల్లి చెప్పిన కారణాలు: బస్సు చార్జీలకు చేతిలో డబ్బుల్లేవు, బాబు చిన్నోడు, పాప బరువెక్కింది. మూడూ నిజమే. కానీ ఆ మూడూ సంక్రాంతికి ముందు కూడా ఉన్నాయి. పింఛన్ డబ్బులు అత్తగారే తీసుకుంటుంది, కోడలు ప్రతిదానికీ ఆమెను అడగాలి. ఇదీ ముందు నుంచీ ఉన్నదే.

అసలు విషయం అత్తగారు చేనుకు పోయిన ఒక మధ్యాహ్నం బయటికొచ్చింది. సంక్రాంతికి ముందు బాబు అడుగులేశాడు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని మనకొక ముచ్చట ఉంది కదా. నాయనమ్మ బియ్యం నానబోసి, పిండి పట్టించి, బెల్లం పాకం పట్టి, వాడకట్టంతా అరిసెలు పంచింది. తల్లి ఆ పూట వెనక అర్రలో పాపను ఒళ్లో వేసుకుని కూర్చుంది.

“దీనికి పోలెలు (బొబ్బట్లు) గూడ చేయలే మేడం. బోర్ల పడ్డదే రెండేండ్లకు. అప్పుడు ఎవ్వరికీ యాదికి లేకుండె, నాక్కూడ.”

ఆ తర్వాతి వారం నుంచి ఆమె థెరపీకి రాలేదు. “ఈడు నడుస్తుంటే సంతోషమైతది. ఎంటనే దాన్ని చూస్తే పాపం చేసినట్టనిపిస్తది. ఇంక ఎందుకు తిరగాలె అనిపించింది” అంది.

పిల్లల వైకల్యం తెలిసిన తల్లిదండ్రుల గురించి మాకు శిక్షణల్లో సాధారణంగా చెప్పేది మెట్ల లెక్క: షాక్, కాదనుకోవడం, కోపం, బేరం, కుంగుబాటు, చివరికి ఒప్పుకోవడం. ఈ లెక్కకు మూలం 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ చెప్పిన దశలు. ఆమె చెప్పింది చావు దగ్గరపడ్డ రోగుల గురించి. దాన్ని తెచ్చి ఈ కుటుంబాలకు తగిలించడం నాకు ఎప్పుడూ సరిగా అనిపించలేదు. ఇక్కడ ఎవరూ చనిపోలేదు. పాప ఎదురుగానే ఉంది, పెరుగుతోంది, నవ్వుతోంది. పోయింది ఈ తల్లి మనసులో ఊహించుకున్న ఇంకో పాప. ఆ లోటు ప్రతి వయసులోనూ కొత్తగా గుర్తొస్తుంది. అంతకుముందే, 1962లో, పునరావాస రంగంలో పనిచేసిన సైమన్ ఓల్‌షాన్‌స్కీ ఇలాంటి తల్లిదండ్రుల దుఃఖం ఆగి ఆగి జీవితాంతం వస్తూనే ఉంటుందనీ, అది జబ్బు కాదు, సహజమనీ రాశాడు. నా అనుభవంలో పనికొచ్చింది ఈ మాటే. తోటి పిల్లలు అడుగులేసినప్పుడు, బడిలో చేరినప్పుడు, ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు, చుట్టాల ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు ఆ దుఃఖం తిరగబెడుతుంది. ఈ తల్లి రెండేళ్ల కిందే పాప పరిస్థితిని అర్థం చేసుకుంది, వారం వారం థెరపీకి తెచ్చింది. తమ్ముడి అడుగులతో ఆమె వెనక్కి జారిపోయిందనుకోకూడదు. అది రావాల్సిన సమయానికే వచ్చిన దుఃఖం.

అయితే ఇదంతా సహజమే అని సర్ది చెప్పి ఊరుకునే పరిస్థితి కాదది. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అడిగితే 27కు 15 వచ్చింది. చావు ఆలోచనల గురించిన చివరి ప్రశ్నకు ఆమె “ఇద్దరం కలిసి పోతే అందరికీ మంచిది అనిపిస్తది” అంది. ఎలా పోవాలన్న ఆలోచన ఏదైనా ఉందా అని నేరుగానే అడిగాను. ఇలా అడిగితే లేని ఆలోచన కలిగించినట్టవుతుందని చాలామంది భయపడతారు, కానీ అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారన్న నిమ్మళం దొరుకుతుంది. ఆమెకు అలాంటి ఆలోచన ఏదీ లేదు. కానీ వెనక అర్రలో పత్తికి కొట్టే మందు డబ్బాలు ఉన్నాయి. పత్తి పండే ఊళ్లలో ఇది ప్రతి ఇంట్లో ఉండే సంగతి. ఆ సాయంత్రమే మామతో మాట్లాడి డబ్బాలన్నీ చేను దగ్గరి కొట్టంలో పెట్టించి తాళం ఆయన దగ్గరే ఉంచమన్నాం. చిన్న పిల్లాడు తిరుగుతున్నాడు కాబట్టి అన్నాం, అదీ నిజమే. ఆమె అనుమతితో అత్తకు కూడా కోడలిని కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దని చెప్పాం. ఆ వారంలోనే మహబూబ్‌నగర్‌లో మానసిక వైద్యుడికి చూపించాం, మందులు మొదలయ్యాయి. రాత్రిపూట మనసు బాగా లేకపోతే చేయడానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఆమె ఫోన్‌లో సేవ్ చేసి ఇచ్చాం. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

నాయనమ్మ

మేం కుటుంబంతో మాట్లాడేటప్పుడు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిన కుటుంబ అవసరాల ప్రశ్నావళి వాడతాం. అందులో తల్లిదండ్రులకు వేరు, తోబుట్టువులకు వేరు, తాతా నాయనమ్మలకు వేరు ప్రశ్నలున్నాయి. పెద్దవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడిగే అలవాటు దానివల్లే వచ్చింది, ఈ కేసులో అది బాగా అక్కరకొచ్చింది.

ఇంట్లో అందరి ముందు నాయనమ్మ మాట ఒకటే. కోడలు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగింది, అందుకే ఇట్లయింది. దానికి తోడు ఏదో ఆస్పత్రిలో ఎవరో “దగ్గరి సంబంధం చేసుకుంటే ఇంతే” అని నోరు జారారు. ఆ మాట అన్నాచెల్లెళ్ల మధ్య మంట పెట్టింది. ‘నీ ఇంట్ల ఇచ్చి నా బిడ్డ గొంతు కోసిన’ అని అన్న, ‘నీ బిడ్డ కడుపుల లోపం’ అని చెల్లె. మాటలు లేవు, దసరాకు రాకపోకలు లేవు. మధ్యలో నలిగింది కోడలు. పుట్టింటికి పోయి నాలుగు రోజులు ఉండొచ్చే దారి కూడా మూసుకుపోయింది.

మేనరికం విషయం నీళ్లు నమలకుండా చెప్పాం. దగ్గరి సంబంధాల్లో జన్యుపరమైన కొన్ని జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువే, అందులో దాచేదేమీ లేదు. ఈ పాప విషయంలో మాత్రం కాగితాలు చెబుతున్నది పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందకపోవడం. డిశ్చార్జి కాగితం ఇంట్లో ఇనప్పెట్టెలో ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా ఉంది. నాలుగేళ్లలో ఎవరూ వాళ్లకు చదివి వినిపించలేదు. అరుగు మీద కూర్చుని, మామ, అత్త, కోడలు వింటుండగా ఒక్కో లైను తెలుగులో చెప్పాను. గ్రహణం మాట అందులో ఎక్కడా లేదని మామ నవ్వాడు. “మరి గిదే సంబంధంల పుట్టిన పిలగాడు మంచిగనే ఉండె గద” అని నాయనమ్మే అంది. వైద్యపరంగా అది రుజువు కాదు, అదీ చెప్పాను. ఆమెకు మాత్రం ఆ రోజుకు అదే పనికొచ్చింది.

తర్వాత విడిగా మాట్లాడినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఆ రాత్రి నొప్పులు మొదలైనప్పుడు కోడలు ఆస్పత్రికి పోదామంటే, తొలి కాన్పుకు టైం పడుతుంది, తెల్లారనీయమని ఆగమన్నది తనే. 108కు ఫోన్ చేసింది తెల్లవారుజామున. నాలుగేళ్లుగా ఆ మాట ఎవరితోనూ అనలేదు. గ్రహణం గురించి అంత గట్టిగా ఎందుకు అరుస్తుందో అప్పుడర్థమైంది. ఆ కొన్ని గంటల ఆలస్యం వల్లే ఇలా అయిందని ఏ కాగితమూ చెప్పదు, ఆస్పత్రిలో ఉండగానే ఇలా జరిగిన పిల్లలు కూడా ఉన్నారు. ఆమెకు ఇంతవరకే చెప్పగలిగాను. నీ తప్పేం లేదు అని మాత్రం అనలేదు, అది నాకు తెలియని విషయం.

ఈ సంగతి కోడలికి చెప్పాలా వద్దా అని బృందంలో చర్చ జరిగింది. చెప్పకూడదన్నది నా నిర్ణయం. చెబితే ఇంట్లో నింద అత్త మీదికి మారుతుంది, అంతే. ఇది రాసేటప్పుడు కూడా ముందుగా నాయనమ్మను అడిగాను. “రాయి బిడ్డా, గిప్పుడు దానికి గూడ చెప్పిన” అంది. ఎప్పుడు, ఎలా చెప్పిందో నేను అడగలేదు. నాతో మాట్లాడిన తర్వాత గ్రహణం మాట మాత్రం ఆ ఇంట్లో వినపడలేదని కోడలు ఎప్పుడో చెప్పింది.

తండ్రి

తండ్రి రోజూ వీడియో కాల్ చేస్తాడు. బాబునే చూపెట్టమంటాడు. పాపను చూపిస్తే “వద్దు, మళ్ల పని చేయబుద్ధి కాదు” అంటాడు. తల్లి దీన్ని ప్రేమ లేకపోవడంగా తీసుకుంది. మరోవైపు ఇదే మనిషి స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స అని ఎక్కడో విని, గుంపు మేస్త్రి దగ్గర రెండు లక్షల పైచిలుకు అడ్వాన్స్ తీసుకునే ఆలోచనలో ఉన్నాడు. అంత తీసుకుంటే ఇంకొన్నేళ్లు ఆ మేస్త్రి చెప్పిన చోటికే పోవాలి, పండుగకు రావడం కూడా అతని దయ మీదే. ప్రేమ లేనివాడు ఆ పని చేయడు. ‘ఈ తండ్రి ఇంకా కాదనుకునే దశలోనే ఉన్నాడు’ అని ఫైల్లో రాయడం తేలిక. నేను రాయలేదు. బిడ్డ కోసం తన చేతనైంది ఒకటే, డబ్బు తేవడం. దాన్నే పెంచాలని చూస్తున్నాడు.

2023 జూలై చివర పీర్ల పండుగకు వచ్చినప్పుడు కూర్చున్నాం. స్టెమ్ సెల్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాం. మన దేశంలో 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బుల్లాంటి వాటికి చేసే మూలకణాల మార్పిడి తప్ప, మిగతావి అనుమతి పొందిన ప్రయోగాల్లోనే చేయాలి. వైద్యం పేరుతో డబ్బులు తీసుకుని సెరెబ్రల్ పాల్సీకి చేయడానికి వీల్లేదు. అదంతా విని అతను ఒక్కటే అడిగాడు:

“నడుస్తదా, నడవదా? ఒక్క మాట చెప్పున్రి.”

ఈ ప్రశ్నకు ‘చూద్దాం, థెరపీ చేయిస్తూ ఉండండి’ అనే జవాబు అతను చాలాచోట్ల విన్నాడు. ఆ జవాబు దయతో చెప్పిందే కావచ్చు, కానీ అప్పు చేయించేది కూడా అదే. నాలుగేళ్లు దాటినా సొంతంగా కూర్చోలేని పిల్లలు ఆసరా లేకుండా నడవడం చాలా అరుదు. పెద్ద కదలికల్లో పిల్లలు చేరగలిగిన మేరలో చాలా భాగం ఐదేళ్ల లోపే వచ్చేస్తుంది. అందుకే ఫిజియోథెరపిస్టు సూటిగా చెప్పింది: తనంతట తాను నడిచే అవకాశం చాలా తక్కువ. సరిగ్గా ఆనుకునేలా చేస్తే కూర్చుంటుంది. కూర్చుంటే చేతులు పనిచేస్తాయి, తిండి సులువవుతుంది, బొమ్మ చూపించి కావాల్సింది అడగడం నేర్చుకుంటుంది, చక్రాల కుర్చీలో బడికి పోతుంది.

అతను లేచి బయటికి పోయాడు. నాయనమ్మ మా మీద గయ్యిమంది, పండుగ పూట ఇంటికొచ్చి ఇట్ల మాట్లాడొచ్చునా అని. అతను పుణె పోయాక మా ఫోన్లు ఎత్తలేదు. తల్లి మళ్లీ దిగులుపడింది. సూటిగా చెప్పడం సరైనదే అని నేను ఇప్పటికీ అంటాను. దాని ఖర్చు కూడా ఇలా ఉంటుంది. ఆ ఖర్చు భరించే సమయంలో బృందం ఆ ఇంటికి దూరం కాకూడదు. ఆ నెలల్లో మా రిసోర్స్ టీచర్ వారం వారం ఆ ఇంటికి వెళ్తూనే ఉంది.

దసరా అయ్యాక ఒకరోజు అతని దగ్గర్నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. “మేడం, కూసుంటదన్నరు గద. దేని మీద కూసోవాలె?”

కుర్చీ

ఈ కేసులో మేం చేసిన కౌన్సెలింగ్ కంటే ఎక్కువ పనిచేసింది తండ్రి చేసిన కుర్చీయే అనుకుంటాను.

ఇలాంటి పిల్లలు ఆనుకుని కూర్చునే కార్నర్ చైర్లు శిబిరాల్లో ఇస్తారు, రెడీమేడ్‌వి కూడా దొరుకుతాయి. అయినా ఇతనికి కొలతలు పంపమని ఫిజియోథెరపిస్టుతో చెప్పాను. సెంట్రింగ్ పనివాడికి ప్లైవుడ్ కోయడం మేం నేర్పాలా? ఆమె సెంటీమీటర్లలో పంపితే “ఇంచులల్ల చెప్పున్రి” అని తిప్పి పంపాడు. పిరుదుల నుంచి మోకాలి వెనక దాకా ఎంత, మోకాలి నుంచి మడమ దాకా ఎంత, చంక ఎత్తు ఎంత, తల్లి టేపు పట్టి కొలిచి ఫోన్‌లో చెప్పింది. చాలాకాలం తర్వాత భార్యాభర్తలు పాప గురించి పోట్లాట లేకుండా మాట్లాడుకున్నది అప్పుడేనట.

నవంబరులో దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు వచ్చినవాడు 30న అసెంబ్లీ ఓట్లు ఉన్నాయని అక్కడిదాకా ఆగాడు. మాకు అదృష్టం కలిసొచ్చింది. రెండు పలకలు మూలకు కలిసేలా వీపు పెట్టాడు, దానివల్ల భుజాలు వెనక్కి పోకుండా ముందుకొస్తాయి. కాళ్లు కత్తెరలా ముడిపడకుండా మోకాళ్ల మధ్య ఒక చెక్క దిమ్మె, దానికి పాత చీర చుట్టు. నడుముకు వెడల్పాటి బట్ట బెల్టు. ముందు అర్ధచంద్రంలా కోసిన పలక. మొదటిసారి కూర్చోబెడితే పాప కిందికి జారిపోయింది. సీటు లోతు ఎక్కువైంది. అక్కడే ఒకటిన్నర ఇంచు కోసేసి మళ్లీ బిగించాడు. ఈసారి పాదాలు చెక్క మీద ఆనాయి, తల నిలబడింది, చెయ్యి ముందు పలక మీదికొచ్చింది. నాయనమ్మ గిన్నె తెచ్చి ఎదురుగా కూర్చుంది.

జాతర సంగతి కూడా చెప్పాలి. కురుమూర్తి స్వామి ఉద్దాలను (పాదుకలను) పాప తలకు తాకించాలని తండ్రి మొక్కు. ఇలాంటివి మూఢనమ్మకమని కుటుంబాలతో వాదనకు దిగే సహోద్యోగులు ఉన్నారు. నాకు ఆ పట్టింపు లేదు. ఫిట్స్ సిరప్ వెంట ఉంచుకోండి, పూట తప్పొద్దు, ఎండలో నిలబెట్టొద్దు అన్నాం. పోయొచ్చారు. నాలుగేళ్లలో పాపను ఇంటిల్లిపాదీ కలిసి బయటికి తీసుకెళ్లడం అదే మొదలు. పెళ్లిళ్లకు పేరంటాలకు పాపను పక్కింట్లో వదిలేసి పోవడమే అలవాటు.

పని, డబ్బు, బస్సు

కుర్చీ వచ్చాక మధ్యాహ్నం తినిపించే పని నాయనమ్మ తీసుకుంది. ఒళ్లో వేసుకుని తినిపించడం ఆమె మోకాళ్ల వల్ల అయ్యే పని కాదు, ఎదురుగా కూర్చుని పెట్టడం అవుతుంది. ఆ గంట తల్లికి మిగిలింది. మొదట్లో ఆ గంటంతా నిద్రపోయిందట. పోనీ అన్నాం.

పింఛన్ గురించి మామ ముందే మాట్లాడాం. పాప మందులకు, తిరుగుళ్లకు నెలకు వెయ్యి రూపాయలు తల్లి చేతికి ఇవ్వాలని ఆయనే తేల్చాడు. అత్తగారు రెండు నెలలు గునిసింది. ఆ లోగా 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆధార్ కార్డు చూపిస్తే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు. సంక్రాంతి దాటాక తల్లి మళ్లీ భవిత కేంద్రానికి వస్తోంది. బస్సు ఉచితమైతే డిప్రెషన్ తగ్గుతుందని నేను అనను. కానీ అత్తను చార్జీలు అడగాల్సిన పని లేకపోవడం ఆమె మనసుకు ఏం చేసిందో దగ్గరుండి చూశాను.

కేంద్రంలో ఇలాంటి పిల్లల తల్లులు మరికొందరు వస్తారు. ఫిజియో జరుగుతుండగా వాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం తప్ప మేం అందులో పెద్దగా చేసిందేమీ లేదు. పదకొండేళ్ల ఆడపిల్ల తల్లి ఒకామె, రేపు పిల్ల పెద్దమనిషి అయితే ఎట్ల అని అందరి ముందే అడిగింది. అంత దూరం ఈ తల్లి ఇంకా ఆలోచించలేదు. ఆ వారం ఇంటికి పోయి సరిగా తినలేదట. ఇలాంటి గుంపుల్లో ధైర్యంతో పాటు భయాలు కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి.

ఎక్కడిదాకా వచ్చింది

2024 ఉగాది నాటికి తల్లి పీహెచ్‌క్యూ స్కోరు 15 నుంచి 7కు వచ్చింది. చావు ఆలోచనలు లేవు. మందులు డాక్టరు చెప్పేదాకా ఆపొద్దన్నాం. ఒక పూట తిండి ఇప్పుడు అరగంటకు కాస్త పైన పడుతోంది. ఆ చలికాలం ఆస్పత్రిలో చేర్చే పని పడలేదు. ఒక్క ఏడాది చూసి అది కుర్చీ వల్లే అని చెప్పలేం. తండ్రి స్టెమ్ సెల్ మాట ఎత్తడం లేదు. వీడియో కాల్‌లో పాపను కుర్చీలో చూపెట్టమని అడుగుతాడు. బెల్టు పట్టు తప్పిందనో, దిమ్మె పక్కకు జరిగిందనో అక్కడి నుంచే తిట్టుకుంటాడు.

అన్నాచెల్లెళ్లకు ఇంకా మాటల్లేవు. యారాలు తన పిల్లలను పాపతో ఆడుకోనివ్వదు. ఆ గోడ దగ్గర మా ప్రయత్నాలేవీ పనిచేయలేదు.

2024 జూన్‌లో యారాలి కూతురు, పాప ఈడుదే, కొత్త బ్యాగు వేసుకుని బడికి పోయింది. తల్లికి మళ్లీ అదే దిగులు. ఈసారి ముందే రిసోర్స్ టీచర్‌కు ఫోన్ చేసి “ఈ వారం రాబుద్ధి కాదు టీచర్, వచ్చే వారం వస్త” అంది. వచ్చే వారం వచ్చింది. మా ఫైల్లో మెరుగుదల కింద స్కోరు కంటే ముందు నేను రాసుకున్నది ఈ ఫోన్ కాల్‌నే.

ఇక ముందున్న పనులు: నాలుగో స్థాయి పిల్లల్లో తుంటి కీలు పక్కకు జరిగే ప్రమాదం ఎక్కువ, ఎక్స్‌రే తీయించాలి. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో చేర్చాలి, ఏడాదికి లక్ష రూపాయల దాకా ఖర్చులు తిరిగి వస్తాయి, థెరపీకి కూడా కొంత వర్తిస్తుంది. ఐదేళ్లు నిండాయి కాబట్టి ఊరి బడిలో పేరు రాయించి, ఇంటి దగ్గర చదువు ఎన్ని రోజులు, బడి ఎన్ని రోజులు అన్నది హెడ్‌మాస్టరుతో తేల్చాలి.

తల్లి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంటానంటోంది. ఉన్న ఇద్దరిలో ఒకరిని జీవితాంతం చూసుకోవాలి, నా వల్ల కాదు అని. రేపు పాపను చూసుకోవడానికి ఇంకో తమ్ముడుంటే మంచిది కదా అని నాయనమ్మ. తండ్రి ఎటూ చెప్పలేదు. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడటానికి అతను ఇంటికొచ్చే పండుగ కోసం చూస్తున్నాం.